ప్రవేశాల బల్ల – విస్తరణకు తొలి మెట్టు
హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో ప్రవేశాల సిబ్బందికి శిక్షణ ఆవశ్యకత

వ్యవసాయ కోర్సులో చేరదలచిన గ్రామీణ విద్యార్థికి తొలుత ఎదురయ్యేది ఆచార్యుడో శాస్త్రవేత్తో కాదు. ప్రవేశాల బల్ల వెనుక కూర్చున్న గుమాస్తా గాని, దరఖాస్తులను కంప్యూటరులో నమోదు చేసే తాత్కాలిక ఉద్యోగి గాని, ఆ రెండు నెలలకు మాత్రమే ఆ విధికి కేటాయించబడిన అధ్యాపకుడు గాని ఎదురవుతారు. వారితో జరిగే పది నిమిషాల సంభాషణ ఆ కుటుంబానికి విశ్వవిద్యాలయంతో తొలి పరిచయం. ఆ పరిచయంలో లభించిన సమాచారం సరియైనదైతే అర్హుడైన విద్యార్థి తనకు కేటాయించిన వర్గంలోనే పోటీపడగలుగుతాడు. అసంపూర్ణమైనదైతే, ర్యాంకు ఉండి కూడా ఒక ధ్రువపత్రం లేని కారణంగా సీటును, దానితోపాటు ఒక సంవత్సరాన్ని కోల్పోతాడు.

విస్తరణ కార్యకర్తలకు శిక్షణ ఇచ్చే పద్ధతులు వ్యవసాయ విశ్వవిద్యాలయాలలో దశాబ్దాలుగా స్థిరపడి ఉన్నాయి. రైతుతో ఎట్లా మాట్లాడాలి, సమస్యను ఎట్లా గుర్తించాలి, సిఫారసును ఎట్లా వివరించాలి అన్నవి విస్తరణ విద్యలో ప్రధాన పాఠ్యాంశాలు. అదే రైతు తన బిడ్డ చదువు కోసం కళాశాల గుమ్మం ఎక్కినపుడు ఆయనతో మాట్లాడే ఉద్యోగికి మాత్రం ఇటువంటి శిక్షణ సాధారణంగా ఉండదు. ఆ ఉద్యోగిని కూడా విస్తరణ కార్యకర్తగానే పరిగణించి, విస్తరణ శాస్త్రం అందించిన పద్ధతులతోనే శిక్షణ ఇవ్వవలసిన ఆవశ్యకతను శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల పరిస్థితుల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

నేపథ్యం

ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964 జూన్ 12న ఏర్పడింది. 1996లో దానికి ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయ సహకారంతో, ఆ దేశపు భూదాన విశ్వవిద్యాలయాల నమూనాలో, బోధన, పరిశోధన, విస్తరణ అనే మూడు బాధ్యతలను ఒకే సంస్థ నిర్వహించే విధానం ఇక్కడ రూపుదిద్దుకుంది. 1862 నాటి మొరిల్ చట్టం ద్వారా ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయాల లక్ష్యాలలో వ్యవసాయదారుల, శ్రామికుల పిల్లలకు ఉన్నత విద్యను అందుబాటులోకి తేవడం ముఖ్యమైనది. ఆ దృష్టితో చూస్తే విద్యార్థుల ప్రవేశం కేవలం పరిపాలనా వ్యవహారం కాదు. సంస్థ స్థాపనకు మూలమైన ఆశయంలో భాగం.

ఈ ఆశయానికి అనుగుణంగానే రాష్ట్రంలో వ్యవసాయ డిగ్రీ సీట్లలో 40 శాతం రైతు కుటుంబాల కోటాగా కేటాయించే విధానం అమలులోకి వచ్చింది. ఈ కోటా అర్హతలో రెండు అంశాలు కీలకం. మొదటిది, కుటుంబానికి సాగుభూమి ఉండటం. రెండవది, విద్యార్థి పురపాలక పరిధికి వెలుపల ఉన్న పాఠశాలల్లో కనీసం నాలుగు సంవత్సరాలు చదివి ఉండటం. మొదటిదానికి రెవెన్యూ పత్రాలు, రెండవదానికి పాఠశాలలు ఇచ్చే స్టడీ సర్టిఫికెట్లు ఆధారం. ఎంసెట్ 2021 నుంచి ఈఏపీసెట్‌గా మారినా, ర్యాంకు ఆధారంగా వర్గాల వారీగా సీట్లు కేటాయించే పద్ధతి కొనసాగుతూనే ఉంది. పరీక్షలో సంపాదించిన ర్యాంకు విద్యార్థి ప్రతిభకు కొలమానం. ఆ ర్యాంకు ఏ వర్గంలో లెక్కకు వస్తుందన్నది మాత్రం అతని సంచిలోని కాగితాలపై ఆధారపడి ఉంటుంది.

అడగని ప్రశ్న

వేరుశనగ ఆకులు పసుపుపచ్చగా మారాయని రైతు చెప్పగానే అనుభవజ్ఞుడైన విస్తరణాధికారి మందు పేరు చెప్పడు. ముదురు ఆకులు పసుపెక్కాయా, లేత ఆకులా అని అడుగుతాడు. ఈనెలు పచ్చగానే ఉన్నాయా అని చూస్తాడు. నేలలో సున్నం పాలు ఎంత, నీరు నిలిచిందా, ఎరువు ఎప్పుడు వేశారు అని విచారిస్తాడు. లేత ఆకుల్లో ఈనెల మధ్య భాగం పసుపెక్కితే ఇనుప ధాతు లోపమని, ముదురు ఆకులు ముందుగా పాలిపోతే నత్రజని లోపమని అనుమానిస్తాడు. రైతు చెప్పినది ఒక లక్షణం మాత్రమే. కారణాన్ని వెలికితీసే ప్రశ్నలు అధికారి వద్ద ఉండాలి.

ప్రవేశాల బల్ల వద్ద కూడా ఇదే పరిస్థితి. “మా అబ్బాయికి అగ్రికల్చర్ సీటు వస్తుందా సార్?” అని అడిగే తండ్రికి తన ప్రశ్నకు సమాధానం ఏయే విషయాలపై ఆధారపడి ఉంటుందో తెలియదు. ర్యాంకు ఎంత అని అడిగి, నిరుటి చివరి ర్యాంకుతో పోల్చి, “కష్టమే” అని చెప్పి పంపడం శిక్షణ లేని ఉద్యోగి చేసే పని. భూమి ఎవరి పేరున ఉంది, ఐదవ తరగతి వరకు ఎక్కడ చదివాడు, ఇంటర్మీడియట్ ఏ రాష్ట్రంలో పూర్తయింది అని అడగగలిగినవాడే ఆ తండ్రికి ఉపయోగపడతాడు. కాబట్టి ఈ శిక్షణలో ప్రధానాంశం మర్యాదగా సమాధానం చెప్పడంతో ముగిసిపోదు. ఎదుటివారు అడగలేకపోయిన ప్రశ్నను తానే ముందుగా అడగడం నేర్పవలసి ఉంటుంది. ఈ ప్రశ్నలు ప్రాంతాన్ని బట్టి మారతాయి. ఒకే జిల్లాలోని మూడు పట్టణాలు ఇందుకు మూడు భిన్నమైన ఉదాహరణలను ఇస్తాయి.

హిందూపురం: సరిహద్దు నేర్పే పాఠం

హిందూపురం కర్ణాటక సరిహద్దున ఉన్న వాణిజ్య కేంద్రం. బెంగళూరు ఇక్కడికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉంది. గౌరీబిదనూరు, పావగడ వంటి కర్ణాటక పట్టణాలతో బంధుత్వాలు, వ్యాపారాలు తరతరాలుగా సాగుతున్నాయి. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం మాట్లాడే కుటుంబాలకు సరిహద్దు రోజువారీ జీవితంలో పెద్దగా అడ్డు కాదు. పిల్లల ప్రవేశాల విషయంలో మాత్రం అది పెద్ద గోడ.

రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం విద్యాసంస్థల్లో 85 శాతం సీట్లు స్థానిక అభ్యర్థులకు కేటాయించబడతాయి. అర్హత పరీక్ష రాసిన సంవత్సరంతో ముగిసే వరుస నాలుగు విద్యా సంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివి ఉండటం స్థానికతకు ప్రధాన ప్రమాణం. హిందూపురం మండలంలోని ఒక గ్రామంలో పుట్టి, పదవ తరగతి వరకు అక్కడే చదివి, మేనమామ ఇంట్లో ఉంటూ బెంగళూరులో రెండేళ్లు పీయూసీ చదివిన విద్యార్థినిని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఆమె తల్లిదండ్రుల దృష్టిలో ఆమె నూటికి నూరుపాళ్లు స్థానికురాలు. ఉత్తర్వులోని వరుస నాలుగేళ్ల లెక్కలో ఆమె పరిస్థితిని జాగ్రత్తగా పరిశీలించవలసి ఉంటుంది. ఈ విషయం కౌన్సెలింగ్ రోజున కాక, పదవ తరగతి ఫలితాలు వచ్చిన వెంటనే తెలిసి ఉంటే ఆ కుటుంబం ఇంటర్మీడియట్ ఎక్కడ చదివించాలన్న నిర్ణయాన్ని మరోలా తీసుకుని ఉండేదేమో.

ఇక్కడ సిబ్బందికి నేర్పవలసిన అంశాలు రెండు. స్థానికత అంటే పుట్టిన ఊరు కాదని, చదివిన సంవత్సరాల వరుస అని కుటుంబానికి సులభమైన మాటల్లో వివరించడం మొదటిది. రాష్ట్ర కోటాకు వెలుపల ఉన్న మార్గాలను కూడా చెప్పగలగడం రెండవది. భారత వ్యవసాయ పరిశోధన మండలి అఖిల భారత కోటా సీట్లకు 2023 నుంచి సీయూఈటీ ద్వారా ప్రవేశాలు జరుగుతున్నాయి. ఈ పరీక్షకు దరఖాస్తు గడువు ఇంటర్మీడియట్ ఫలితాలకు ముందే ముగుస్తుంది కనుక, ఫలితాల తరువాత చెప్పిన సలహా ఆ ఏటికి పనికిరాదు.

పెనుకొండ: కాలం మార్చిన హద్దులు

విజయనగర రాజుల రెండవ రాజధానిగా చరిత్రకెక్కిన పెనుకొండ, ఇటీవలి కాలంలో ఎర్రమంచి వద్ద నెలకొన్న కియా కార్ల కర్మాగారంతో వార్తల్లో నిలిచింది. 2019 డిసెంబరులో ఆ కర్మాగారం లాంఛనంగా ప్రారంభమైంది. దీనికి తోడు గ్రామ పంచాయతీగా ఉన్న పెనుకొండ నగర పంచాయతీగా మారి, 2021 నవంబరులో తొలి పాలకమండలి ఎన్నికలు జరుపుకుంది.

పరిపాలనలో జరిగిన ఈ మార్పు ఒక విద్యార్థి భవిష్యత్తును నేరుగా తాకుతుంది. రైతు కోటాకు పురపాలక పరిధి వెలుపల నాలుగేళ్ల చదువు అవసరం. పెనుకొండలోని ఒక పాఠశాలలో 2016 నుంచి 2020 వరకు చదివిన విద్యార్థి, ఆ కాలంలో గ్రామ పంచాయతీ పరిధిలోని బడిలోనే చదివాడు. ఈ రోజు అదే బడి పేరు సర్టిఫికెట్టుపై చూసిన ఉద్యోగి దానిని పట్టణ పాఠశాలగా భావించి పక్కన పెట్టే ప్రమాదం ఉంది. అదే విధంగా, పట్టణానికి ఆనుకుని ఉన్న గ్రామంలోని పాఠశాల చిరునామాలో తపాలా సౌలభ్యం కోసం పట్టణం పేరు రాసి ఉంటే అది పురపాలక పరిధిలోనిదన్న అపోహ కలుగుతుంది.

ఇటువంటి సందర్భంలో ఉద్యోగి తనకు తోచిన అర్థం చెప్పకూడదు. ఆ విద్యార్థి చదివిన సంవత్సరాలలో పాఠశాల ఏ స్థానిక సంస్థ పరిధిలో ఉండేదో ప్రధానోపాధ్యాయుని నుంచి, అవసరమైతే మండల విద్యాశాఖాధికారి నుంచి స్పష్టంగా రాయించుకొమ్మని సూచించాలి. నిబంధనకు రెండు అర్థాలు వచ్చే చోట విశ్వవిద్యాలయ ప్రవేశాల విభాగానికి లిఖితపూర్వకంగా రాసి, వచ్చిన సమాధానాన్ని కేంద్రంలో అందరికీ అందుబాటులో ఉంచాలి. ఒక కుటుంబానికి దొరికిన స్పష్టత తరువాత వచ్చే పది కుటుంబాలకు ఉపయోగపడుతుంది.

పెనుకొండలో మరో ప్రశ్న కూడా తరచుగా వినిపించడం సహజం. కళ్ల ముందే కర్మాగారం ఉండగా నాలుగేళ్ల వ్యవసాయ డిగ్రీ ఎందుకని తండ్రి అడిగితే, కోర్సును పొగిడి ఒప్పించడం ఉద్యోగి పని కాదు. పదవ తరగతి తరువాత రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా, దాని తరువాత అగ్రిసెట్ ద్వారా డిగ్రీలో చేరే అవకాశం, గ్రామ సచివాలయాల్లో వ్యవసాయ సహాయకుల ఉద్యోగాలకు కావలసిన అర్హతలు, మరోవైపు ఐటీఐ, పాలిటెక్నిక్ మార్గాలు – వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూపడమే అతని బాధ్యత. నిర్ణయం కుటుంబానిది.

ధర్మవరం: భూమి లేని ఇంటి బిడ్డ

ధర్మవరం పట్టుచీరలకు భౌగోళిక గుర్తింపు ఉంది. మగ్గం మీద ఆధారపడిన కుటుంబాలలో అనేకం మాస్టర్ వీవరు వద్ద కూలికి నేస్తాయి. పట్టణంలోనే పుట్టి, పట్టణంలోనే చదివిన నేత కార్మికుని కుమార్తె బైపీసీ పూర్తి చేసి వ్యవసాయ డిగ్రీ కోరితే, రైతు కోటా ఆమెకు వర్తించదు. ఆ ఒక్క మాట చెప్పి ఊరుకుంటే ఆమెకు అన్యాయం చేసినట్లే. సామాజిక వర్గ రిజర్వేషన్, ఆర్థికంగా వెనుకబడిన వర్గాల కోటా, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ఉన్నత విద్యలో కనీసం 5 శాతం కేటాయింపు వంటి వాటిలో ఆమెకు ఏది వర్తిస్తుందో పరిశీలించాలి. ఫీజు రీయింబర్స్‌మెంటుకు కావలసిన ఆదాయ ధ్రువీకరణ పత్రం ఏ సచివాలయం నుంచి, ఎన్ని రోజుల్లో లభిస్తుందో చెప్పాలి. పట్టు పరిశ్రమతో ఉన్న అనుబంధం కారణంగా ఆమె ఆసక్తి సెరికల్చర్ వైపు ఉంటే, అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఆ శాఖ ఉందని, హిందూపురం సమీపంలోని కిరికెరలో రాష్ట్ర పట్టుపరిశ్రమ పరిశోధన సంస్థ ఉందని తెలియజేయాలి. చేనేత సాంకేతిక విద్య కోరుకునే వారికి వెంకటగిరిలోని ప్రగడ కోటయ్య స్మారక చేనేత సాంకేతిక సంస్థ పేరు చెప్పగలగాలి.

తన సంస్థలో లేని కోర్సు గురించి చెప్పడం కొందరు ఉద్యోగులకు వింతగా తోచవచ్చు. తన పరిశోధన కేంద్రం విడుదల చేయని రకమైనా ఆ నేలకు సరిపోతే సిఫారసు చేసే శాస్త్రవేత్త పట్ల రైతుకు గౌరవం పెరుగుతుందే కాని తగ్గదు. ఇక్కడా అంతే.

గ్రామాల్లో భూమి ఉన్నా పత్రాలు సక్రమంగా లేని కుటుంబాల సమస్య ఈ మూడు ప్రాంతాలకూ ఉమ్మడిది. తాత పేరున ఉన్న పొలం ఆయన మరణానంతరం వారసుల పేరుకు మారకపోవడం, అన్నదమ్ముల మధ్య నోటిమాటగా పంపకాలు జరగడం, పాసుపుస్తకంలోని పేరుకు ఆధార్ కార్డులోని పేరుకు పొంతన లేకపోవడం రాయలసీమ పల్లెల్లో కొత్త విషయాలు కావు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలుదారులకు ఇచ్చే కార్డు పంటపై హక్కుకు సంబంధించినదే కాని భూమి యాజమాన్యానికి సంబంధించినది కాదు. ఈ తేడా ఉద్యోగికి తెలియకపోతే కౌలు రైతుకు లేనిపోని ఆశ కల్పించి, తరువాత నిరాశపరచడం జరుగుతుంది. భూమి ఎవరి పేరున ఉంటే చెల్లుతుంది, ఎంత విస్తీర్ణం ఉండాలి అన్న వివరాలు ఆ సంవత్సరపు ప్రవేశ సమాచార పుస్తకం నుంచి మాత్రమే చదివి చెప్పాలి. జ్ఞాపకం మీద ఆధారపడి చెప్పకూడదు.

పంటల క్యాలెండరు – ప్రవేశాల క్యాలెండరు

ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. వర్షాధార వేరుశనగ ప్రధాన పంట. జూన్, జూలై నెలల్లో పదును దొరికిన రెండు మూడు రోజుల్లోనే విత్తనం నేలలో పడాలి. ప్రవేశాల సన్నాహం, ధ్రువపత్రాల సేకరణ కూడా ఆ నెలల్లోనే సాగుతాయి. వాన పడిన మరునాడు కళాశాలకు రమ్మంటే వేరుశనగ రైతు రాలేడు.

పట్టుపురుగులు పెంచే ఇంటి పరిస్థితి మరింత సున్నితమైనది. పురుగు దశ మొత్తం సుమారు 25 రోజులు. అందులో చివరిదైన ఐదవ దశ దాదాపు వారం రోజులు ఉంటుంది. పురుగులు జీవితకాలంలో తినే మల్బరీ ఆకులో 80 శాతానికి పైగా ఆ వారంలోనే తింటాయి. ఆ తరువాత వాటిని చంద్రికలపైకి ఎక్కించే రోజున ఇంటిల్లిపాదీ పనిలో ఉండాలి. ఆ వారంలో ఒకరు హిందూపురం బస్సెక్కినా ఆ పంట దెబ్బతినవచ్చు. మగ్గం కార్మికునికి కూడా మగ్గం దిగిన రోజు కూలి లేని రోజే.

“మళ్లీ రేపు రండి” అన్న మాటకు పల్లె కుటుంబం చెల్లించే మూల్యం ఇది. ఒక పత్రం తక్కువైందని ఒకసారి, దానిపై ముద్ర లేదని మరోసారి, నకలుపై సంతకం లేదని ఇంకోసారి తిప్పిన ఉద్యోగి నియమం తప్పి ఉండకపోవచ్చు. కాని తొలి రాకలోనే మూడు లోపాలనూ ఒకేసారి కాగితంపై రాసి ఇచ్చి ఉంటే రెండు ప్రయాణాలు తప్పేవి. స్థానిక పంటల కాలాన్ని తెలుసుకోవడం ఈ సిబ్బంది శిక్షణలో అలంకారప్రాయమైన అంశం కాదని దీనిని బట్టి గ్రహించవచ్చు. ఆదివారం ఉదయం రెండు గంటలు బల్ల తెరచి ఉంచడం, వారపు సంత రోజున సమాచార కేంద్రం నిర్వహించడం వంటి ఏర్పాట్లు ఈ అవగాహన నుంచే పుడతాయి.

శిక్షణ రూపకల్పన

శిక్షణకు ముందు శిక్షణావసరాల అంచనా జరగాలి. ఇందుకు సుదీర్ఘమైన ప్రశ్నావళి అవసరం లేదు. గత ప్రవేశాల కాలంలో ధ్రువపత్రాల పరిశీలన వద్ద ఆగిపోయిన దరఖాస్తులను తీసుకుని, ఆగిపోవడానికి కారణాల వారీగా విభజిస్తే సిబ్బందికి ఏ అంశంలో పరిజ్ఞానం తక్కువగా ఉందో తేటతెల్లమవుతుంది. జ్ఞానం, నైపుణ్యం, వైఖరి అనే మూడు అంశాలలో లోపం ఎక్కడున్నదో విడదీసి చూడాలి. నిబంధన తెలియకపోవడం జ్ఞాన లోపం. తెలిసినా అర్థమయ్యేలా చెప్పలేకపోవడం నైపుణ్య లోపం. తెలిసి, చెప్పగలిగి కూడా విసుక్కోవడం వైఖరి లోపం. మూడింటికీ ఒకే ఉపన్యాసంతో చికిత్స జరగదు.

శిక్షణలో పాల్గొనవలసిన వారిలో గుమాస్తాలు, కంప్యూటర్ ఆపరేటర్లు, ప్రవేశాల విధిలోని అధ్యాపకులతోపాటు గేటు వద్ద ఉండే కాపలాదారు కూడా ఉండాలి. ఎవరిని కలవాలో తెలియక నిలబడిన కుటుంబానికి దారి చూపేది లేదా వెనక్కి పంపేది ఆయనే.

తొలి విడత శిక్షణను రెండు రోజులకు పరిమితం చేయవచ్చు. మొదటి రోజు ఆ సంవత్సరపు ప్రవేశ సమాచార పుస్తకాన్ని అధ్యాయాల వారీగా చదివి, నిరుటికి ఈ ఏటికి ఉన్న తేడాలను గుర్తించడం, రెవెన్యూ పత్రాలైన పట్టాదారు పాసుపుస్తకం, అడంగల్, 1బి నకళ్లను చేతిలో పెట్టుకుని వాటిని చదవడం అలవాటు చేయాలి. ఇది పద్ధతి ప్రదర్శన. రెండవ రోజు పాత్రాభినయం ద్వారా సాధన జరగాలి. ఒకరు బెంగళూరులో చదివిన విద్యార్థిని తండ్రిగా, ఒకరు పెనుకొండ బడి సర్టిఫికెట్టు తెచ్చిన విద్యార్థిగా, ఒకరు నేత కార్మికుని భార్యగా నటించగా మరొకరు బల్ల వెనుక కూర్చుంటారు. మిగిలిన వారు ఏ ప్రశ్న అడగకుండా వదిలేశారో నమోదు చేస్తారు. బల్లకు అవతలి వైపు ఒక్కసారి కూర్చున్న ఉద్యోగికి వైఖరి గురించి ప్రత్యేకంగా ఉపదేశించే అవసరం అంతగా ఉండదు.

ప్రతి కుటుంబాన్ని తప్పక అడగవలసిన ప్రశ్నలను ఒక చిన్న కార్డుపై ముద్రించి బల్లపై ఉంచవచ్చు.

1. ఒకటవ తరగతి నుంచి ఇంటర్మీడియట్ వరకు ఏ ఏడు, ఏ ఊరిలో, ఏ బడిలో చదివారు?
2. సాగుభూమి ఉందా? పత్రాల్లో ఎవరి పేరున ఉంది?
3. కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఎప్పుడు తీసుకున్నారు? వాటి గడువు ఉందా?
4. దివ్యాంగులు, మాజీ సైనికుల పిల్లలు, క్రీడల వంటి ప్రత్యేక వర్గాల్లో ఏదైనా వర్తిస్తుందా?
5. రాసిన ప్రవేశ పరీక్షలేవి? ఇంకా రాయదగినవేవి?
6. మళ్లీ రావలసి వస్తే ఇంట్లో పనులను బట్టి ఏ రోజు వీలవుతుంది? ఫోనులో మాట్లాడటానికి ఏ వేళ అనుకూలం?

రెండు రోజుల శిక్షణతో పని పూర్తి కాదు. ప్రవేశాల కాలంలో ప్రకటనలు, సవరణలు, గడువు పొడిగింపులు విడతలవారీగా వస్తుంటాయి. డేనియల్ బెనార్ రూపొందించిన శిక్షణ – సందర్శన విధానంలో విస్తరణ కార్యకర్తలకు పక్షానికొకసారి, ఆ పక్షంలో రైతుకు చెప్పవలసిన కొద్ది అంశాలపైనే శిక్షణ ఇచ్చేవారు. ఆ విధానంపై విమర్శలున్నా, కొద్ది అంశాలు, నిర్ణీత దినం, ఎడతెగని శిక్షణ అనే సూత్రాలు ఈ సందర్భానికి చక్కగా నప్పుతాయి. పక్షానికొక పూట మూడు పట్టణాల సిబ్బంది ఒకచోట చేరి, తమకు ఎదురైన చిక్కు ప్రశ్నలను చర్చించుకుంటే హిందూపురంలో తేలిన విషయం ధర్మవరంలో కూడా తెలుస్తుంది.

గ్రామస్థాయిలో రైతు భరోసా కేంద్రాలుగా 2020లో మొదలై, నేడు రైతు సేవా కేంద్రాలుగా ఉన్న వ్యవస్థలో పనిచేసే వ్యవసాయ సహాయకులు ఈ కృషికి సహజమైన తోడు. వారిలో చాలామంది వ్యవసాయ డిప్లొమా లేదా డిగ్రీ చదివినవారే. ఒకప్పుడు ఆ బల్ల ముందు నిలబడిన అనుభవం వారికి ఉంది. పదవ తరగతి, ఇంటర్మీడియట్ చదువుతున్న పిల్లలున్న ఇళ్లు వారికి తెలుసు. పత్రాల జాబితాను ఏడాది ముందే ఆ ఇళ్లకు చేర్చగల వారు వారే.

పాటించవలసిన నియమాలు

ప్రవేశాల సిబ్బంది వృత్తి ప్రమాణాలు కొన్ని దేశాల్లో చాలాకాలం క్రితమే రూపొందాయి. అమెరికాలో కళాశాల ప్రవేశ సలహాదారుల జాతీయ సంఘం 1937లో ఏర్పడి, విద్యార్థి ప్రయోజనాన్ని కేంద్రంగా చేసుకున్న నైతిక సూత్రాలను ప్రచారం చేసింది. మన దేశంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 అక్టోబరులో వెలువరించిన ప్రకటన, విద్యార్థుల అసలు ధ్రువపత్రాలను సంస్థలు తమ వద్ద అట్టిపెట్టుకోరాదని, సీటు వదులుకున్న వారికి ఫీజు తిరిగి చెల్లించాలని నిర్దేశించింది. ఈ ప్రకటన సారాంశం ప్రతి ఉద్యోగికీ తెలిసి ఉండాలి.

ప్రైవేటు కళాశాలల గురించి అడిగిన వారికి, ఆ కళాశాలకు భారత వ్యవసాయ పరిశోధన మండలి గుర్తింపు ఉన్నదో లేదో స్వయంగా పరిశీలించుకోవాలని, ఆ గుర్తింపు ఉన్నత చదువుల సమయంలో ఎందుకు ముఖ్యమో వివరించాలి. ఏ సంస్థ పేరునూ నిందించవలసిన పని లేదు. హాస్టలు, మెస్సు, పుస్తకాల ఖర్చులను ఫీజుతోపాటే చెప్పాలి. బోధన ఆంగ్లంలో ఉంటుందని, తెలుగు మాధ్యమంలో చదివిన వారికి తొలి ఏడాది శ్రమ ఎక్కువగా ఉంటుందని దాచకూడదు. తెలియని విషయాన్ని “కనుక్కుని ఫలానా రోజు చెబుతాను” అని చెప్పి, ఆ రోజు చెప్పడం అన్నిటికంటే ముఖ్యమైన నియమం.

మూల్యాంకనం

డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో ప్రతిపాదించిన నాలుగు అంచెల మూల్యాంకన విధానం ఈ శిక్షణకు నేరుగా వర్తిస్తుంది. శిక్షణ పొందినవారి స్పందన, వారు నేర్చుకున్నది, పనిలో వచ్చిన మార్పు, అంతిమ ఫలితం అనేవి ఆ నాలుగు అంచెలు. శిక్షణ ముగిసిన రోజున నింపించే అభిప్రాయ పత్రం మొదటి అంచెను మాత్రమే కొలుస్తుంది. చాలా శిక్షణల మూల్యాంకనం అక్కడే ఆగిపోతుంది.

మూడు, నాలుగు అంచెలను కొలవడానికి ఒక రిజిస్టరు చాలు. బల్ల వద్దకు వచ్చి, పని పూర్తికాకుండా తిరిగి వెళ్లిన ప్రతి కుటుంబం వివరం అందులో నమోదు కావాలి. ఏ ఊరు, ఏ కారణం, ఏమి చెప్పి పంపారు, తిరిగి వచ్చారా అన్న నాలుగు గడులు ఉంటే సరిపోతుంది. ప్రస్తుతం కార్యాలయాలలో అందిన దరఖాస్తుల లెక్క ఉంటుంది, ప్రవేశం పొందిన వారి లెక్క ఉంటుంది. అడిగి వెళ్లిపోయిన వారి లెక్క ఉండదు. ఒక కుటుంబం సగటున ఎన్నిసార్లు తిరిగింది, ధ్రువపత్రాల పరిశీలనలో వర్గం మారిపోయిన వారెందరు, తిరిగి రాని వారెందరు అన్న సంఖ్యలు శిక్షణకు ముందు, తరువాత పోల్చి చూస్తే శిక్షణ ఫలితం తెలుస్తుంది.

విస్తరణ విద్యలో పరిశోధన చేసే విద్యార్థులకు ఇది చక్కని క్షేత్రం. ఎవరెట్ రోజర్స్ వివరించిన నవకల్పనల వ్యాప్తి సిద్ధాంతంలో తెలుసుకోవడం, ఒప్పుదల, నిర్ణయం, ఆచరణ, స్థిరీకరణ అనే దశలు ఉన్నాయి. కుటుంబంలో తొలిసారి డిగ్రీ చదవబోయే బిడ్డ విషయంలో ఆ ఇల్లు తీసుకునే నిర్ణయం కూడా ఇవే దశలను దాటుతుంది. ఏ దశలో, ఎవరి మాటతో అది ఆగిపోతున్నదో మూడు పట్టణాలలోని కుటుంబాలను పోల్చి అధ్యయనం చేయవచ్చు. వరి, వేరుశనగ రకాల ఆచరణపై అనేక సిద్ధాంత గ్రంథాలు వెలువడిన విభాగాలకు ఈ అంశం అందనిది కాదు.

ముగింపు

రైతు కోటా వంటి నిబంధనలు గ్రామీణ కుటుంబాలకు ఒక హక్కును ఇచ్చాయి. ఆ హక్కు వినియోగంలోకి రావడం బల్ల వెనుక కూర్చున్న ఉద్యోగి పరిజ్ఞానంపై, ఓపికపై ఆధారపడి ఉంది. ఇందుకు కొత్త భవనాలు గాని, పెద్ద బడ్జెట్టు గాని అవసరం లేదు. రెండు రోజుల శిక్షణ, పక్షానికొక పూట సమావేశం, ఆరు ప్రశ్నల కార్డు, తిరిగి వెళ్లిన వారి రిజిస్టరు – వీటిని వచ్చే ప్రవేశాల కాలానికి ముందే ఏర్పాటు చేసుకోవచ్చు. సమీపంలోని కృషి విజ్ఞాన కేంద్రాల విస్తరణ శాస్త్రవేత్తలు శిక్షకులుగా ముందుకు వస్తే మూడు పట్టణాలలోనూ ఒకే ఏడాది ప్రారంభించడం సాధ్యమే. వేసవి సెలవులు ఇందుకు అనువైన సమయం. ముంగారు వానలు మొదలయ్యే సరికి పత్రాల జాబితా పల్లెలకు చేరి ఉంటే, విత్తనం పని ముగించుకుని కళాశాలకు వచ్చే రైతుకు ఒక్క ప్రయాణంతో పని పూర్తవుతుంది.